జైళ్లలో ఇరుకు: ఏ రాష్ట్రంలో ఎంత, ఎందుకు? తరచుగా అడిగే ప్రశ్నలు

జైళ్లు కిక్కిరిసిపోయాయన్న వార్త ఏటా ఒకసారి వస్తుంది, రెండు రోజులకు మాయమవుతుంది. ఆ అంకెల వెనక ఉన్నవాళ్లలో ఎక్కువ మందికి ఇంకా ఏ శిక్షా పడలేదన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. అందుకే ఈ ప్రశ్నలు, జవాబులు. విడిగా చెప్పని చోట లెక్కలన్నీ జాతీయ నేర గణాంక సంస్థ (ఎన్‌సీఆర్‌బీ) ప్రకటించిన 2022 డిసెంబర్ 31 నాటివి.

జైళ్లు 131 శాతం నిండాయంటే ఏమిటి అర్థం?

వంద మందికి కట్టిన జైల్లో 131 మంది ఉన్నారని. ఏడాది చివరి రోజున లోపల ఉన్న ఖైదీల సంఖ్యను ఆ జైలు అధికారిక సామర్థ్యంతో భాగించి శాతం కడతారు. అంతకు మించి ఇందులో మతలబు లేదు.

అయితే ఇది ఒక్క రోజు తీసిన లెక్క. ఏడాది పొడవునా జైలు గేటు దాటి లోపలికి వెళ్లేవాళ్లు దేశంలో సుమారు 18 లక్షల మంది. చాలామంది కొన్ని వారాల్లోనో, నెలల్లోనో బయటికి వచ్చేస్తారు. డిసెంబర్ 31న లెక్కకు దొరికేది ఆ రోజుకు లోపల మిగిలినవాళ్లే.

దేశం మొత్తం మీద ఎన్ని జైళ్లు, ఎంతమంది ఖైదీలు?

జైళ్లు 1,330. అందులో సబ్ జైళ్లు 574, జిల్లా జైళ్లు 428, సెంట్రల్ జైళ్లు 148, ఓపెన్ జైళ్లు 91. మహిళలకు మాత్రమే కట్టినవి 34. మిగతావి స్పెషల్ జైళ్లు, చిన్న వయసు నేరస్థుల్ని ఉంచే బోర్‌స్టల్ స్కూళ్లు వగైరా. వీటన్నిటి సామర్థ్యం 4,36,266. లోపల ఉన్నవాళ్లు 5,73,220.

వీరిలో శిక్ష పడినవాళ్లు 1,33,415 మంది. విచారణ ఖైదీలు 4,34,302 మంది, అంటే దాదాపు 76 శాతం. లోపల ఉన్న ప్రతి నలుగురిలో ముగ్గురి మీద నేరం ఇంకా రుజువు కాలేదు. ఈ పేజీలో ఒక్క అంకె గుర్తుపెట్టుకోవాలనుకుంటే దీన్ని పెట్టుకోండి.

2023 చివరికి ఖైదీలు సుమారు 5 లక్షల 30 వేలకు తగ్గారు, నిండిన శాతం 121 దగ్గరికి దిగింది. ఊరటే. కానీ అప్పుడు కూడా విచారణ ఖైదీలు 73 శాతానికి పైనే ఉన్నారు.

ఏ రాష్ట్రాల్లో ఇరుకు ఎక్కువ?

ఢిల్లీలో 10,026 మందికి చోటుంటే 18,497 మంది ఉన్నారు, అంటే 184 శాతం దాటింది. తీహార్, మండోలీ, రోహిణి మూడు ప్రాంగణాలూ కలిపిన లెక్క ఇది. ఉత్తరాఖండ్ కూడా 180 దాటింది. ఉత్తరప్రదేశ్ 180కి అటూ ఇటూగా ఉంది. శాతంలో ఢిల్లీ కన్నా కాస్త తక్కువే అయినా మనుషుల లెక్కలో ఉత్తరప్రదేశ్‌కు పోటీ లేదు. ఆ ఒక్క రాష్ట్రంలోనే 1,21,609 మంది ఖైదీలు. దేశంలోని ప్రతి ఐదుగురు ఖైదీల్లో ఒకరు అక్కడే ఉన్నారు. మధ్యప్రదేశ్, మేఘాలయ, మహారాష్ట్ర 160 పైన. బీహార్ 136 దగ్గర.

మరి తక్కువ ఎక్కడ? తెలుగు రాష్ట్రాల సంగతేమిటి?

నాగాలాండ్‌లో జైళ్లు సగం కూడా నిండవు. తమిళనాడు, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ మూడూ వంద శాతం లోపే ఉన్నాయి. అంటే మన రెండు రాష్ట్రాల్లోనూ కాగితం మీద ఖాళీ ఉంది. ఇది నిజంగా మంచి విషయమే, కాదనక్కర్లేదు.

కానీ ఆంధ్రప్రదేశ్ సగటు చూసి విశాఖపట్నం సెంట్రల్ జైలును ఊహించుకుంటే పొరపాటు. ఏజెన్సీ నుంచి, ఒడిశా సరిహద్దు నుంచి వచ్చే గంజాయి కేసులన్నీ దాదాపు అక్కడికే చేరతాయి. కాబట్టి ఆ జైలు ఏళ్ల తరబడి సామర్థ్యానికి మించి కిటకిటలాడుతోంది. పట్టుబడేవాళ్లలో ఎక్కువ మంది సరుకు మోసే కూలీలు, డ్రైవర్లు, పక్క రాష్ట్రాల నుంచి వచ్చిన కుర్రాళ్లు. గంజాయి 20 కిలోలు దాటితే చట్టం దాన్ని వాణిజ్య పరిమాణం కింద లెక్కేస్తుంది. అప్పుడు మత్తుపదార్థాల కేసులకు వర్తించే ఎన్‌డీపీఎస్ చట్టంలోని 37వ సెక్షన్ ప్రకారం బెయిల్ దాదాపు మూసుకుపోతుంది. నిందితుడు దోషి కాదని నమ్మడానికి తగిన కారణాలున్నాయని జడ్జికి అనిపిస్తే తప్ప బెయిల్ ఇవ్వరు. విచారణే మొదలవని దశలో కూలికి సంచి మోసిన మనిషి అలా ఎలా నమ్మించగలడు? ఈ వ్యాపారంలో డబ్బు చేసుకునేవాళ్లు ఆ బ్యారక్‌లలో అరుదుగా కనిపిస్తారు.

తెలంగాణలో వరంగల్ సెంట్రల్ జైలును 2021లో కూల్చేసి, ఆ స్థలాన్ని ఆసుపత్రి కోసం ఇచ్చారు. ఖైదీలను చర్లపల్లి తదితర జైళ్లకు పంపారు. ఆసుపత్రి అవసరమే. కానీ ములాఖత్ కోసం వరంగల్ వెళ్లి వచ్చే కుటుంబాలు అప్పటి నుంచి ఊళ్లు దాటాల్సి వచ్చింది. ఇలాంటి కష్టం ఏ శాతంలోనూ కనిపించదు.

అయితే రాష్ట్ర సగటును నమ్మొచ్చా?

దిక్కు తెలుసుకోవడానికి పనికొస్తుంది, అంతే. మహారాష్ట్ర సగటు 160 పైన అన్నాం. ముంబైలోని ఆర్థర్ రోడ్ జైలు 800 మందికి ఉద్దేశించింది. అక్కడ మూడు వేల మందికి పైగా ఉన్న రోజులున్నాయి. అదే సమయంలో ఏ మారుమూల సబ్ జైల్లోనో నలుగురైదుగురే ఉండొచ్చు. రెండూ కలిపి తీసిన సగటు ఆ రెండు చోట్లలో ఏదీ ఎలా ఉందో చెప్పదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. సామర్థ్యం అనేది అధికారులు నిర్ణయించే అంకె. పాత వర్క్‌షాపునో, స్టోర్ రూమునో బ్యారక్‌గా రాసుకుంటే సామర్థ్యం పెరుగుతుంది, శాతం తగ్గుతుంది. లోపల పడుకునేవాడికి మాత్రం తేడా ఉండదు. అందుకే శాతం ఒక్కటే చూడకుండా మనిషికి ఎంత చోటు, ఎన్ని మరుగుదొడ్లు, ఎంతమంది డాక్టర్లు అని కూడా అడగాలి.

ఇరుకు అంటే లోపల నిజంగా ఎలా ఉంటుంది?

2016 నమూనా జైలు మాన్యువల్ (నిబంధనల పుస్తకం) ప్రకారం బ్యారక్‌లో ఒక మనిషికి 3.71 చదరపు మీటర్ల చోటుండాలి. మన లెక్కలో నలభై చదరపు అడుగులు. అంటే ఎనిమిదడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు. ఢిల్లీలా 184 శాతం నిండిన చోట అది ఇరవై రెండు అడుగులకు కూడా రాదు. పక్కకు తిరిగి పడుకోవాలంటే అవతలివాడు కూడా తిరగాలి. మరీ ఇరుకైన చోట్ల వంతులేసుకుని నిద్రపోతారు.

రాత్రంతా తాళం వేసిన బ్యారక్‌లో ఒకటో రెండో మరుగుదొడ్లు ఉంటాయి. వాటి దగ్గర చోటు ఎవరికి దక్కుతుంది? కొత్తగా వచ్చినవాడికి, డబ్బు లేనివాడికి, అడిగేవాళ్లు లేనివాడికి. గజ్జి, క్షయ అంటుకోవడానికి ఇంతకన్నా అనువైన చోటు ఉండదు. డాక్టరు కోసం పేరు రాయించుకుంటే వంతు ఎప్పుడొస్తుందో తెలియదు. దేశవ్యాప్తంగా జైలు సిబ్బంది పోస్టుల్లో సుమారు 30 శాతం ఖాళీగా ఉన్నాయి. వైద్య సిబ్బంది కొరత ఇంకా ఎక్కువ. 2022లో జైళ్లలో 1,995 మంది చనిపోయారు. అందులో 119 ఆత్మహత్యలు.

సిబ్బంది తక్కువైతే కోర్టుకు తీసుకెళ్లే ఎస్కార్ట్ దొరకదు. ఎస్కార్ట్ లేకపోతే వాయిదాకు ముద్దాయి హాజరు కాడు. హాజరు కాకపోతే మళ్లీ వాయిదా, మళ్లీ అదే బ్యారక్. ఇరుకు వల్ల ఇరుకు పెరిగేది ఇలాగే.

కొత్త జైళ్లు కడితే సమస్య తీరిపోదా?

పదేళ్ల లెక్క చూద్దాం. 2012 చివరికి దేశంలో జైళ్ల సామర్థ్యం 3,43,169. 2022 నాటికి 4,36,266. అంటే పదేళ్లలో 93 వేల మందికి కొత్తగా చోటు చేశారు. తక్కువేం కాదు, వేల కోట్ల ప్రజాధనం. మరి నిండిన శాతం తగ్గిందా? 112 నుంచి 131కి పెరిగింది.

ఎందుకో చూడండి. ఆ పదేళ్లలో శిక్ష పడిన ఖైదీలు 1,27,789 నుంచి 1,33,415కు పెరిగారు. అంటే ఐదారు వేలు. విచారణ ఖైదీలు మాత్రం 2,54,857 నుంచి 4,34,302కు పెరిగారు. లక్షా 79 వేల మంది! కొత్తగా కట్టిన చోటంతా నింపి, ఇంకా పొంగిపొర్లింది వీళ్లతోనే.

ఇంకోలా చెప్పాలంటే, శిక్ష పడినవాళ్లను మాత్రమే జైల్లో ఉంచితే ఉన్న జైళ్లలో మూడో వంతు కూడా నిండదు. విచారణ ఖైదీలందర్నీ వదిలేయమని ఎవరూ అనడం లేదు. సాక్షుల్ని బెదిరించేవాళ్లు, పారిపోయేవాళ్లు, ఘోరమైన నేరాల్లో ఉన్నవాళ్లు ఉంటారు. కానీ మన దగ్గర ఇరుకు గోడల కొరత వల్ల వచ్చింది కాదు. అది పోలీస్ స్టేషన్లో మొదలై కోర్టు వాయిదాల్లో పెరుగుతోంది. పాత, శిథిలమైన జైళ్ల స్థానంలో మంచివి కట్టాల్సిందే. కానీ ఇరుకుకు మందు అదేనని చెప్పేవాళ్లు ఈ లెక్కకు జవాబు చెప్పాలి.

విచారణ ఖైదీలు ఇంతమంది ఎందుకు ఉన్నారు?

మొదటిది అరెస్టు. ఏడేళ్ల దాకా శిక్ష పడే నేరాల్లో వెంటనే అరెస్టు చేయనక్కర్లేదు, నోటీసు ఇచ్చి పిలవొచ్చు, అరెస్టు చేస్తే ఎందుకు చేశారో కారణం రాయాలని సుప్రీంకోర్టు 2014లో అర్నేష్ కుమార్ కేసులో స్పష్టంగా చెప్పింది. అయినా చాలా స్టేషన్లలో అరెస్టు చేస్తేనే కేసులో పని జరిగినట్టు లెక్క. రిమాండ్ రిపోర్టు పెట్టగానే యాంత్రికంగా పద్నాలుగు రోజులు రాసిచ్చే మేజిస్ట్రేట్లకూ ఇందులో బాధ్యత ఉంది.

రెండోది జడ్జీల కొరత. ప్రతి పది లక్షల జనాభాకు యాభై మంది జడ్జీలు ఉండాలని లా కమిషన్ 1987లోనే చెప్పింది. ఇప్పటికీ అందులో సగం కూడా లేరు.

మూడోది చట్టాలే. బెయిల్ కష్టం చేసే చట్టాలు పెరుగుతున్నాయి. బీహార్ సంగతే చూడండి. 2016లో మద్యనిషేధం తెచ్చాక బెయిల్ పిటిషన్లు హైకోర్టును ముంచెత్తాయి. 2021 డిసెంబర్‌లో విజయవాడలో మాట్లాడుతూ అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి. రమణ ముందుచూపు లేకుండా చేసిన చట్టానికి దీన్ని ఉదాహరణగా చూపారు. ఆ తర్వాత 2022లో బీహార్ ప్రభుత్వం ఆ చట్టాన్ని కొంత సడలించింది.

నాలుగోది పేదరికం. దానికి విడిగా జవాబు కావాలి.

బెయిల్ వచ్చాక కూడా లోపలే ఎందుకు ఉండిపోతారు?

జామీను ఇచ్చేవాళ్లు లేక. బెయిల్ ఆర్డరు చేతికొస్తే సరిపోదు. ఇద్దరు పూచీదారులు, వాళ్ల ఆస్తి కాగితాలు, అంత స్తోమత ఉందని ఎమ్మార్వో ఆఫీసు ఇచ్చే సాల్వెన్సీ సర్టిఫికెట్, కొన్నిచోట్ల నగదు డిపాజిట్ కావాలి. పొట్ట చేత పట్టుకుని వేరే రాష్ట్రం వెళ్లిన మనిషికి అక్కడ ఎవరు పూచీ ఉంటారు?

ఈ మాట సుప్రీంకోర్టు 1978లోనే చెప్పింది. మోతీరామ్ అనే తాపీ మేస్త్రీకి మధ్యప్రదేశ్‌లో మేజిస్ట్రేటు పది వేల రూపాయల పూచీకత్తు అడిగారు. అతని అన్నదమ్ముడు ముందుకొస్తే, ఆస్తి వేరే జిల్లాలో ఉందని ఒప్పుకోలేదు. జస్టిస్ కృష్ణయ్యర్ దాన్ని తప్పుబట్టి, వెయ్యి రూపాయల సొంత బాండు మీద వదిలేయమన్నారు. ఒక మలయాళీనో, తమిళుణ్ణో, ఆంధ్రుణ్ణో బస్తర్‌లోనో, పోర్ట్ బ్లెయిర్‌లోనో, చాందినీ చౌక్‌లోనో అరెస్టు చేస్తే అక్కడ ఆస్తి ఉన్న పూచీదారుణ్ణి ఎక్కణ్నుంచి తెస్తాడని ఆ తీర్పులో అడిగారు. ఆ మరుసటి ఏడాది హుస్సేనారా ఖాతూన్ కేసు వచ్చింది. చేసినట్టు చెబుతున్న నేరానికి పడే గరిష్ఠ శిక్ష కన్నా ఎక్కువ కాలం విచారణ ఖైదీలుగా మగ్గిన బీహార్ జనం కథ అది. త్వరగా విచారణ జరగడం ప్రాథమిక హక్కేనని కోర్టు తేల్చింది.

నలభై ఏళ్లు దాటాయి. 2022 రాజ్యాంగ దినోత్సవం రోజున రాష్ట్రపతి ద్రౌపది ముర్ము ఇదే బాధను న్యాయమూర్తుల ముందు పెట్టారు. 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఒక పద్ధతి చెప్పింది. బెయిల్ వచ్చిన వారంలోగా ఖైదీ విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలియజేయాలి. నెల గడిచినా పూచీకత్తు కట్టలేకపోతే కోర్టు తనంతట తానే షరతు సడలించే విషయం ఆలోచించాలి. ఇది సరిగ్గా అమలైతే చాలామంది ఇళ్లకు చేరతారు.

కొత్త చట్టంలో విచారణ ఖైదీలకు ఏమైనా మేలుందా?

ఉంది. పాత సీఆర్‌పీసీ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 479వ సెక్షన్ చూడండి. అంతకుముందు ఎప్పుడూ శిక్ష పడని వ్యక్తి, తన మీద మోపిన నేరానికి ఉన్న గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపల గడిపేస్తే బాండు మీద వదలాలి. మిగతావాళ్లకు సగం. ఉదాహరణకు మామూలు దొంగతనానికి గరిష్ఠంగా మూడేళ్లు. ముందెప్పుడూ శిక్ష పడనివాడైతే ఏడాదితో సరి. 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు, పాత కేసుల్లో ఉన్నవాళ్లకు కూడా ఇది వర్తిస్తుందని చెప్పింది. దరఖాస్తు పెట్టే బాధ్యతను చట్టం జైలు సూపరింటెండెంట్ మీదే పెట్టింది.

లోపాలు లేకపోలేదు. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు వర్తించదు. ఒకటి కన్నా ఎక్కువ కేసులుంటే కూడా వర్తించదు. ఈ రెండోదే పెద్ద దెబ్బ. ఎందుకంటే ఒక్కడి మీద నాలుగైదు కేసులు కట్టడం మన స్టేషన్లలో కొత్త కాదు.

ఇలా ఎంతకాలం ఉంటున్నారు?

చాలామంది ఏడాది లోపే బయటపడతారు. కానీ ఐదేళ్లు దాటినా శిక్ష పడకుండానే ఉన్నవాళ్లు 11 వేలకు పైగా ఉన్నారు. వీళ్లలో కొందరు రేపు నిర్దోషులుగా తేలతారు. ఆ ఐదేళ్లకు పరిహారం ఇచ్చే చట్టం మనకు లేదు.

మహిళా ఖైదీల పరిస్థితి?

23,772 మంది. మహిళల జైళ్లు మొత్తంగా సామర్థ్యం లోపే ఉన్నాయి. అయితే అవి 34 మాత్రమే కాబట్టి, ఎక్కువ మంది మగవాళ్ల జైళ్లలో ఓ మూల గోడ కట్టిన వార్డుల్లో ఉంటున్నారు. తల్లులతో పాటు లోపల ఉన్న పిల్లలు 1,764 మంది. ఆరేళ్ల దాకా తల్లి దగ్గర ఉండొచ్చని, వాళ్లకు పాలు, బడి, టీకాలు అన్నీ అందాలని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం పేరు మీదనే ఉంది.

తప్పు చేసినవాళ్లు కాస్త కష్టపడితే ఏమవుతుంది?

ఈ ప్రశ్న అడిగేవాళ్లను తప్పుపట్టను. ఇంట్లో దొంగ పడ్డవాళ్లకు, కూతుర్ని పోగొట్టుకున్నవాళ్లకు కోపం ఉంటుంది. కానీ అక్కడున్న నలుగురిలో ముగ్గురు తప్పు చేశారో లేదో మనకు ఇంకా తెలియదు. తప్పు రుజువైనవాడికి కూడా కోర్టు వేసిన శిక్ష స్వేచ్ఛ తీసేయడం వరకే. క్షయ అంటించమని, మరుగుదొడ్డి పక్కన పడుకోబెట్టమని ఏ తీర్పులోనూ రాసి ఉండదు. విచారణ ఖైదీల్లో దాదాపు మూడింట రెండు వంతులు ఎస్సీ, ఎస్టీ, వెనకబడిన వర్గాలవాళ్లే. జైళ్లలో కులాన్ని బట్టి పనులు పంచే నిబంధనలను సుప్రీంకోర్టు కొట్టేసింది 2024 అక్టోబర్‌లో. అప్పటిదాకా అవి మాన్యువళ్లలో అచ్చయి ఉన్నాయి.

ఓపెన్ జైళ్లు ఉపయోగపడవా?

బాగా పడతాయి. రాజస్థాన్ ఈ విషయంలో ముందుంది. జైపూర్ దగ్గరి సాంగానేర్‌లో ఖైదీలు కుటుంబాలతో ఉంటూ, పగలు పనికెళ్లి సాయంత్రానికి తిరిగొస్తారు. మన దగ్గర అనంతపురంలో, చర్లపల్లిలో వ్యవసాయ జైళ్లున్నాయి. ఖర్చు తక్కువ, కాపలా తక్కువ. అయితే ఇవి ఎక్కువగా శిక్ష పడిన ఖైదీలకే కాబట్టి విచారణ ఖైదీల రద్దీ వీటితో తగ్గదు.

మావాడు రిమాండ్‌లో ఉన్నాడు, లాయరును పెట్టుకునే స్తోమత లేదు. ఏం చేయాలి?

కస్టడీలో ఉన్న ఎవరికైనా ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కుంది. జిల్లా కోర్టు ప్రాంగణంలోనే న్యాయసేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. 15100కు ఫోన్ చేసినా సరిపోతుంది. జైలు లోపల కూడా లీగల్ ఎయిడ్ క్లినిక్ ఉంటుంది, మీవాణ్ణి అక్కడ పేరు రాయించమనండి.

అరెస్టయిన తేదీ, క్రైమ్ నంబరు, సెక్షన్లు ఒక కాగితం మీద రాసి దగ్గర పెట్టుకోండి. అరవై రోజుల్లో, పదేళ్లు అంతకు మించి శిక్ష పడే కేసుల్లో తొంభై రోజుల్లో పోలీసులు చార్జిషీటు వేయకపోతే బెయిల్ అడగడం మీ హక్కు. వాణిజ్య పరిమాణం గంజాయి లాంటి కేసుల్లో ఆ గడువు 180 రోజులు. చార్జిషీటు పడిపోయాక అడిగితే ఆ హక్కు ఉండదు. కాబట్టి గడువు ముగిసిన రోజే పిటిషన్ పడాలి, ఈ మాట లాయరుకు ముందే చెప్పి ఉంచండి.

బెయిల్ వచ్చి పూచీకత్తు డబ్బు కట్టలేకపోతే, పేద ఖైదీల కోసం 2023లో కేంద్రం తెచ్చిన పథకం కింద సాయం అడగొచ్చు. 2023 నిబంధనల్లో దీని పరిమితి 40 వేల రూపాయలు. శిక్ష పూర్తయినా జరిమానా కట్టలేక ఆగిపోయినవాళ్లకు ఆ నిబంధనల్లో 25 వేల దాకా పెట్టారు. కొన్ని రకాల తీవ్రమైన కేసులకు ఇది వర్తించదు. దరఖాస్తు జైలు సూపరింటెండెంట్ ద్వారా గానీ, న్యాయసేవాధికార సంస్థ ద్వారా గానీ పెట్టించండి. జిల్లా జడ్జి అధ్యక్షతన విచారణ ఖైదీల సమీక్ష కమిటీ కూడా ఉంటుంది. మీవాడి పేరు ఆ జాబితాలో ఉందో లేదో న్యాయసేవాధికార సంస్థ ఆఫీసులో అడగండి. లేకపోతే చేర్చమని రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి.